దారంతో కొలిచిన దూరం

పళ్ల పనిగది, మేడ మీద
జూన్ 4

ఏమోయ్ కంట్రోలరూ,

మీ అక్క చేయి వణుకుతోంది, కలం నిలవడం లేదు. అందుకని ఈసారి రాస్తున్నది మీ బావ. తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు. కట్టుడు పళ్లు చేసేవాణ్ణి, కొలత వెంట్రుకవాసి తప్పినా నోట్లో పట్టదు. అందుకే సూటిగా రాస్తున్నాను.

మీ అక్కకి కడుపులో గడ్డ. కోసి చూశారు, చూసి మళ్లీ కుట్టేశారు. మూడు నెలలు, మహా అయితే నాలుగు, అన్నాడు డాక్టరు. ఆమెకి తెలియకుండా నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆమెకి నాకంటే ముందే తెలుసు. లోపలికి వెళ్లగానే అడిగింది.

"ఎన్ని నెలలన్నాడు?"

"నెలలేమిటి, ఏళ్లు అన్నాడు" అన్నాను.

"మీకు అబద్ధం ఆడటం రాదు, పళ్లు చేసుకోండి" అంది.

తరువాత, "తమ్ముణ్ణి ఒకసారి చూస్తాను" అంది. అప్పటినుంచి ఆ ఒక్కటే అడుగుతోంది. పండు కోసిస్తే వద్దు. కిటికీ తీయనా అంటే వద్దు. తమ్ముడు.

"రమ్మని రాస్తాను" అన్నాను.

"రమ్మని రాయకండి. నేను ఇలా ఉన్నానని రాయండి, చాలు. వాడే వస్తాడు."

"రమ్మంటేనే కదే ఎవరైనా వచ్చేది?"

"వాడి సంగతి మీకేం తెలుసు?"

చూశావా? ముప్పై రెండేళ్లు కాపురం చేశాక కూడా నాకు తెలియని సంగతి ఒకటి దాచుకుంది, అది నువ్వు. సరే, నీ నోట్లో ఉన్నవి నేను చేసిన పళ్లు కావు గదా, మరి మాట బయటికి రావడానికి నీకంత కష్టం దేనికో! ఈసారైనా నాలుగు ముక్కలు ఎక్కువ రాయి.

మీ బావ

*

బస్సు డిపో వెనక వీధి
జూన్ 16

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

నేను రావాలి. వస్తాను. ఒక చిక్కు ఉంది. మా ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మూడు రోజులైంది. నడుము నుంచి మోకాలి దాకా కట్టు వేశారు. ఆరు వారాలు కదలకూడదు. పక్కకి తిప్పాలన్నా, నీళ్లు పట్టాలన్నా నేనే. మాకు పిల్లలు లేరని మీకు తెలుసు. పక్కింటి నర్సు ఒకటి రెండు రోజులైతే చూస్తానంది. అంతకుమించి ఆమె డ్యూటీ ఒప్పుకోదు.

అందుకని ఒకటి అడుగుతున్నాను. మీ ఊరికి ప్రయాణం ఎంతసేపు? రెండు మూడు రోజులు పట్టేటట్టయితే మా ఆవిణ్ణి ఆసుపత్రి వార్డులో చేర్చి ఇప్పుడే బయలుదేరతాను. ఒక్కరోజు ప్రయాణమైతే కట్టు విప్పేదాకా ఉండి వస్తాను. వార్డు మంచిది కాదు. నలభై మందికి ఇద్దరు ఆయాలు.

ఇక్కడ విమానాల ఆఫీసుకి వెళ్లాను. అద్దాల తలుపు దాకా వెళ్లాను. లోపల ఒక అమ్మాయి గబగబా మాట్లాడుతోంది. నా ముందు నలుగురున్నారు. నా వంతు వచ్చేసరికి తిరిగి వచ్చేశాను. మీరు నవ్వుతారని తెలుసు.

మీరు ఒకసారి విమానంలో ఇక్కడికి వచ్చారు, మీ అమ్మగారు పోయినప్పుడు. కాబట్టి మీకు తెలుస్తుంది. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు. మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

అక్కకి నేను అడిగానని చెప్పండి.

మీ బావమరిది

*

పళ్ల పనిగది
జూన్ 27

కంట్రోలరూ,

నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాను? అద్దాల తలుపు సంగతి చదివి వినిపిస్తే మీ అక్క కూడా నవ్వింది. నువ్వు బడికి వెళ్లే రోజుల్లో మాస్టారిని మంచినీళ్లు అడగలేక, సాయంత్రం దాకా నాలుక పిడచకట్టుకుపోయి, ఇంటికొచ్చి కుండ ముందు కూలబడేవాడివట. "మా వాడు అంతే, ఎవర్నీ ఏమీ అడగడు" అంది. అదేదో పెద్ద ఘనకార్యం అయినట్టు.

మీ ఆవిడకి అలా అయినందుకు విచారిస్తున్నాను.

కిలోమీటర్లు అడిగావు. నా పనిబల్ల మీద ఒక గ్లోబు ఉంది. ఈ గదిలో ఇదివరకు అద్దెకున్నవాడు వదిలేసి పోయాడు. పళ్ల అచ్చుకి వాడే మైనం కోసే దారం తీసి, ఒక కొస మీ ఊరి మీద పెట్టి మీ అక్కని పట్టుకోమన్నాను. రెండో కొస మా ఊరి మీద నేను పట్టుకుని బిగించాను. స్కేలు పెట్టి చూసి లెక్క కట్టాను. ఎనిమిది వేల ఆరువందల నలభై కిలోమీటర్లు. విమానం గంటకి ఎనిమిది వందలు పోతుంది. ఇక మిగతా లెక్క నీది. బతుకంతా బస్సులు బయలుదేరిన టైము, చేరిన టైము పుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నవాడివి, నీకు నేను చెప్పాలా?

దారం చూసి మీ అక్క, "ఇంతేనా! జానెడు కూడా లేదే" అంది. ఆ దారం నాకు తిరిగి ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకుంది.

మీ బావ

*

బస్సు డిపో వెనక వీధి
జూలై 9

బావగారికి నమస్కారాలు.

మీరు శ్రమపడి కొలిచినందుకు సంతోషం. లెక్క కట్టాను. ఎనిమిది వేల ఆరువందల నలభైని ఎనిమిది వందలతో భాగిస్తే పది గంటల నలభై ఎనిమిది నిమిషాలు. ఎక్కడానికి, దిగడానికి పన్నెండు నిమిషాలు కలిపాను. మొత్తం పదకొండు గంటలు. మా డిపోలో కొత్త రూటుకి టైము ఇలాగే కట్టేవాళ్లం. రోడ్డుకైతే మలుపులకి, రైలు గేట్లకి, సంతరోజుకి కొంత కలుపుతాం. ఆకాశంలో మలుపులు ఉండవు కాబట్టి కలపలేదు.

ఇక్కడ పొద్దున ఎక్కితే అదే రోజు అక్క దగ్గర ఉంటాను. ఇంత దగ్గరని తెలియక ఇన్నేళ్లూ రాలేదు. తప్పు నాదే.

మా ఆవిడ ఎముక సరిగా అతకలేదట. కట్టు మరో రెండు వారాలు పొడిగించారు. ఆగస్టు ఎనిమిదిన విప్పుతారు. తొమ్మిదిన బయలుదేరతాను. మా ఆవిడ మాత్రం, "నా సంగతి వదిలెయ్, ఇప్పుడే వెళ్లు" అంటోంది. నిన్న నేను కూరకి వెళ్లి వచ్చేసరికి ఒక్కతే పక్కకి తిరగబోయి మంచం పట్టీ మీదికి జారింది. ఎలా వదిలి రాను?

మీరు రెండు విషయాలు రాయండి. మధ్యలో ఎక్కడైనా దిగి వేరే విమానం ఎక్కాలా? విమానాలు రోజూ ఉంటాయా? అక్క ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయండి. అన్నాళ్లు ఉండేలా లేదు అని మీరంటే మా ఆవిణ్ణి రేపే వార్డులో చేరుస్తాను.

మీ బావమరిది

*

పళ్ల పనిగది
జూలై 20

ఏమోయ్ కంట్రోలరూ,

నీ లెక్క మీ అక్కకి చదివి వినిపించాను. "పన్నెండు నిమిషాలు కలిపాడా!" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నీ లెక్కలో తప్పు పట్టడానికి నేనెవర్ని? నాకు తెలిసిన లెక్కల్లా ముప్పై రెండు, పైవరసకి పదహారు, కిందివరసకి పదహారు.

విమానాలు రోజూ ఉంటాయా అంటావేమిటయ్యా! మా మేడ మీద నిలబడితే పొద్దుటినుంచి సాయంత్రం దాకా నెత్తిమీంచి పోతూనే ఉంటాయి. చప్పుడుకి నా పనిబల్ల మీద పళ్లు టకటకలాడతాయి.

మీ అక్క బాగానే ఉంది. దిండుకి ఆనుకుని కూర్చుంటోంది. నన్ను తిట్టే ఓపిక ఉంది, అంతకంటే ఏం కావాలి? నువ్వు కట్టుకున్నదాన్ని నలభై మంది వార్డులో పడేసి రావడం మీ అక్కకి కూడా ఇష్టం ఉండదు. కట్టు విప్పాకే రా. ఈలోగా అవసరమైతే నేను టెలిగ్రాం ఇస్తాను. అందిన మర్నాడు నువ్విక్కడ ఉంటావు. నీ లెక్కే చెబుతోందిగా.

మీ బావ

*

టెలిగ్రాం
జూలై 28, మంగళవారం

అక్క పరిస్థితి విషమం. వెంటనే బయలుదేరు. బావ.

*

మధ్య ఊరి విమానాశ్రయం, మూడో గేటు దగ్గర బెంచీ
జూలై 30, గురువారం

బావగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇక్కడి డబ్బాలో వేస్తే నేనెక్కే విమానంలోనే వస్తుందట. అంటే నాకంటే ముందు మీకు అందదు. అయినా రాస్తున్నాను. మీ ఎదురుగా నిలబడితే ఇన్ని మాటలు నా నోట రావు.

మంగళవారం మధ్యాహ్నం మీ టెలిగ్రాం అందింది. గంటలో మా ఆవిణ్ణి వార్డులో చేర్చాను. గోడ పక్క మంచం ఇచ్చారు. "నువ్వెళ్లు. నేను గోడకి ఉన్న పగుళ్లు లెక్కపెట్టుకుంటా" అంది. అక్కణ్ణుంచి విమానాల ఆఫీసుకి వెళ్లాను. తలుపు తోసుకుని లోపలికే వెళ్లాను.

ఆ అమ్మాయి మంచిది. "తాతగారూ, ఆ ఊరికి ఇక్కణ్ణుంచి సూటిగా పోయే విమానం లేదండీ" అంది.

"ఉందమ్మా. పదకొండు గంటలు" అన్నాను. నా లెక్క కాగితం తీసి చూపించాను.

ఆ అమ్మాయి కాగితం మొత్తం చదివింది. "దూరం సరిగ్గానే ఉంది తాతగారూ. కానీ ఇది పక్షులకి" అంది. నవ్వలేదు.

మూడు విమానాలు మారాలట. మొదటిది నిన్న పొద్దున ఎక్కాను. నాలుగు గంటల్లో ఇక్కడ దించారు. ఇక్కణ్ణుంచి మీ వైపు పోయేది వారానికి రెండే, బుధవారం ఒకటి, శనివారం ఒకటి. నేను దిగేసరికి బుధవారంది వెళ్లిపోయి రెండు గంటలైంది. శనివారం దాకా ఈ బెంచీ మీద ఉండాలి. శనివారం ఎక్కితే ఇంకో ఊళ్లో దించుతారు. అక్కడ తొమ్మిది గంటలు ఆగాలి. ఆదివారం మధ్యాహ్నానికి మీ ఊరు.

జూన్‌లోనే బయలుదేరి ఉంటే ఈపాటికి అక్క దగ్గర ఆరు వారాలు ఉండేవాణ్ణి.

ఎప్పటినుంచి ఇలా ఉంది అని అడిగాను. పదిహేనేళ్లుగా ఇదే దారి అంది ఆ అమ్మాయి. మీ అమ్మగారు పోయి పదకొండేళ్లు. మీరు వచ్చేసరికి ఆవిణ్ణి సాగనంపి రెండు రోజులైంది. మీరు గుమ్మంలోనే కూలబడ్డారు. మీ పెట్టె నేనే లోపల పెట్టాను. ఏ దారిన వచ్చారని ఆ రోజు అడగలేదు. ఇంటినిండా జనం ఉన్నారు.

మీరు మరిచిపోయి ఉంటారని అనుకోవాలని చూస్తున్నాను. నిన్నటినుంచి అదే పని మీద ఉన్నాను. కుదరడం లేదు.

ఇందాక మీకు టెలిగ్రాం ఇచ్చాను. ఆదివారం వస్తున్నాను, అక్కతో చెప్పండి అని. చెప్పండి బావగారూ. ఏ రోజు అని తెలిస్తే అక్క ఆగుతుంది. ఫలానా రోజు అని చెబితే ఆ రోజుదాకా ఎంతైనా ఓర్చుకునే మనిషి. మీకోసం ఏమీ అడగడం లేదు, నాకోసం ఏమీ అడగడం లేదు. ఆ ఒక్క మాట ఆమె చెవిన వేయండి.

ఇక్కడ మంచినీళ్లు అడిగాను. ఇద్దరిని అడిగాను. రెండోవారు ఇచ్చారు. అది కూడా అక్కకి చెప్పండి.

మీ బావమరిది

*

పళ్ల పనిగది
ఆగస్టు 25

బావమరిదీ,

నువ్వు తిరిగి వెళ్లిన రెండు రోజులకి నీ బెంచీ ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నదాంట్లో పదోవంతు కూడా నువ్వు నా ఇంట్లో ఉండగా అనలేదు. ఆదివారం గేటు తీసుకుని వచ్చావు. ఖాళీ మంచం చూశావు. "శుక్రవారం పొద్దున" అన్నాను. తల ఊపావు. మూడు రోజులున్నావు. తిన్న పళ్లెం కడిగి బోర్లించావు. ఆమె దుప్పటి మడత పెట్టావు. గేటు దగ్గర "వెళ్లొస్తాను" అన్నావు. నాలుగు తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేవాణ్ణి, ఇద్దరికీ సరిపోయేది. నువ్వు నన్ను అలా వదిలేసి పోయావు.

మరిచిపోలేదు. రాసేస్తున్నాను, విను. దారం బిగించేటప్పుడే నాకు తెలుసు. మా అమ్మ కోసం నేను ఆ దారిలోనే, బహుశా ఆ బెంచీ మీదనే, మూడు రోజులు కూర్చున్నాను. నువ్వు ఆఫీసులో అడగవని తెలుసు. నేను చెప్పిందే నమ్ముతావని తెలుసు. ఉత్తరాల్లో అబద్ధం ఒక్క ముక్క కూడా రాయడం లేదులే అనుకుని నిద్రపోయేవాణ్ణి. ఒక్కటి రాశాను, మీ అక్క బాగానే ఉందని. ఆ రోజుకి ఆమె తిండి మానేసి నాలుగు రోజులైంది. పన్నెండు నిమిషాలకి నవ్వింది మాత్రం నిజం.

ఎందుకు చేశావంటావు. నువ్వు అనవు, నేనే అంటున్నాను. ఈ ఇంట్లో గేటు చప్పుడైతే ఆమె "తమ్ముడేమో" అనేది. నేను లోపలికి వస్తే "ఓ, మీరా" అనేది. ముప్పై రెండేళ్లు. ఆ "మీరా" నువ్వు ఒక్కసారి కూడా వినలేదు. ఇంటి ముఖం చూడనివాడి కోసం ఎదురుచూపు, పక్కనే పడి ఉన్నవాడికి "ఓ, మీరా". ఆ ఆఖరి నెలలైనా నావి అవుతాయనుకున్నాను. నువ్వు వస్తే ఆమె మంచం పక్క కుర్చీ నీదవుతుంది, నేను మందు సీసాలు అందించేవాణ్ణి అయిపోతాను. అంతే. ఇంతకంటే పెద్ద కారణం లేదు.

టెలిగ్రాం నా అంతట నేను ఇవ్వలేదు. డాక్టరు పక్కన నిలబడి రాయించాడు.

నీ టెలిగ్రాం గురువారం సాయంత్రం అందింది. ఆమెకి అప్పటికి తెలివి ఉంది. చదువుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"వాడి దగ్గర్నించేనా?" అంది.

"కాదు. పళ్లకి ఆర్డరు" అన్నాను.

"వాడికేదో అడ్డం వచ్చి ఉంటుంది. లేకపోతే వచ్చేవాడు" అంది. గోడవైపు తిరిగింది. నేను కుర్చీలోనే ఉన్నాను. ఆ కుర్చీ కోసమే ఇదంతా చేశాను కదా. పొద్దున దాకా ఉన్నాను. ఆమె నావైపు తిరగలేదు.

ఇప్పుడు నా సంగతి. గుండె మూడొంతులు పాడైందట. ఆరు వారాలు, ఎనిమిది దాకా ఉంటే నా అదృష్టం అన్నాడు అదే డాక్టరు. పని మానేశాను. ఒకాయన కిందిపళ్లు సగంలో ఆగిపోయాయి.

నీకో మనవి. ఆమె ముప్పై రెండేళ్లు నెలనెలా నీకు ఉత్తరం రాసింది. నన్ను చదవనిచ్చేది కాదు, అంటించి ఇచ్చేది. డబ్బాలో వేసిందల్లా నేనే. ఒక్కటి కూడా విప్పి చూడలేదు, అంత మంచివాణ్ణి. వాటిలో నా గురించి ఏం రాసింది? నాతో సుఖపడిందా, లేదా? అదొక్కటే కావాలి. ఏం రాసి ఉన్నా సరే, తట్టుకుంటాను. తెలియకుండా పోవడం తట్టుకోలేను. ఆ ఉత్తరాలు పంపించు. లేదా ఒక్క ముక్క రాయి. చేసినదానికి నీ కాళ్లు పట్టుకుంటున్నాను. నా కంటే చిన్నవాడివి, అయినా పట్టుకుంటున్నాను.

బావ

*

బస్సు డిపో వెనక వీధి
సెప్టెంబరు 6

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం మొన్న అందింది. వెంటనే మీ పని చూశాను.

మా ఆవిడకి కట్టు విప్పారు. నేను లేని పన్నెండు రోజులూ వార్డులో ఆమెని పక్కకి తిప్పినవాళ్లు లేరు. వీపు మీద అరచేయంత పుండు పడింది. రోజూ కడిగి మందు వేస్తున్నాను. మానుతోంది.

అక్క ఉత్తరాలు మూడువందల ఎనభై ఒకటి ఉన్నాయి. ముప్పై రెండేళ్లలో మూడు నెలలే తప్పాయి. ఏడాదికి ఒక కట్ట చొప్పున కట్టి ఉంచాను. ఒక్కటి కూడా నా దగ్గర ఉంచుకోలేదు. అన్నీ చెక్కపెట్టెలో సర్ది, గుడ్డ చుట్టి కుట్టి, మీ చిరునామా రెండువైపులా రాసి పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను.

"విమానంలోనా, ఓడలోనా?" అని అడిగాడు గుమాస్తా.

దేనికి ఎంతసేపు అని అడిగాను. ఎక్కడెక్కడ ఆగుతుంది, ఎక్కడ మారుస్తారు, ఏ రోజుల్లో పోతుంది, అన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాను. వెనకాల వాళ్లు విసుక్కున్నారు. విమానంలో అయితే తొమ్మిది రోజులు. ఓడలో అయితే పదకొండు వారాలు, సముద్రం బాగుంటే.

"ఓడలో" అన్నాను.

"తొందర లేదా, పెద్దాయనా?"

"లేదు" అన్నాను. గట్టిగానే అన్నాను.

మీ డాక్టరు చెప్పిన వారాలు నేను చూడలేదని అనుకోవద్దు. అవి కూడా అదే కాగితం మీద, ఓడ వారాల పక్కనే రాసుకున్నాను.

మీరు అడిగినదానికి అక్క జవాబు రాసింది. ఒకసారి కాదు. ఏడాదికి ఒకసారైనా రాసింది, ఆఖరి ఉత్తరంలో కూడా రాసింది. ఎప్పుడూ అదే మాట. నాకు కంఠతా వచ్చు.

ఈ ఉత్తరం విమానంలో పంపుతున్నాను. తొమ్మిది రోజుల్లో మీ చేతిలో ఉంటుంది. మా ఆవిడ పక్కమీంచి, "పోయే మనిషి, ఆ ఒక్క ముక్క రాసి పడెయ్యరాదూ" అంది. రాయడానికి చోటు ఉంది. ఈ కాగితంలో ఇంకా సగం పైన ఖాళీగానే ఉంది.

మీ బావమరిది